నౌకలో నౌకర్లుండరు

హవాయి క్రూయిజ్ కెళ్ళొచ్చిన మనవాళ్ళని ఒకసారి కదిలించి చూడండి. అగ్నిపర్వతం, నాపాలీ కొండలు, తాబేళ్ళు.. అన్నీ రెండు నిమిషాల్లో అయిపోతాయి. మిగతా అరగంటా సర్వీసు మీదే. "అబ్బే, కరేబియన్ లో అయితే ఎంత మర్యాదండీ! రెండో రోజుకల్లా పేరు పెట్టి పిలిచి, అడక్కముందే అన్నీ తెచ్చిపెట్టేవాడు. ఇక్కడి పిల్లలు 'హాయ్ గైస్' అంటారు, అంతే. డబ్బులు మాత్రం డబుల్". గత రెండేళ్ళలో డాలస్ చుట్టుపక్కల ఎన్ని పొట్లక్కుల్లో ఈ మాట విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండింది. ఆ మంట ఇవాళ ఇక్కడ చల్లార్చుకుంటున్నాను, భరించండి :)

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. కరేబియన్ ఓడలో మీకు అంతగా నచ్చిన మర్యాద ఆఫ్‌షోర్ రేటుకి దొరికిన మర్యాద. హవాయి ఓడలో దొరికేది ఆన్‌సైట్ రేటుకి దొరికే మర్యాద. ఈ రెండింటికీ తేడా ఏమిటో ఐటీ వాళ్ళమై ఉండి మనకి ఇంకొకరు చెప్పాలా?

ముందు కాస్త చరిత్ర. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ఒకటుంది. వేరే దేశపు జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పుకుంటూ ఉండటానికి వీల్లేదు, మధ్యలో పరాయి దేశపు రేవు తగలాలి. మయామీ నుంచి బయల్దేరే ఓడలకి ఇదో సమస్య కాదు, పక్కనే బహామాస్ ఉంది. హవాయి ఎక్కడో పసిఫిక్ మధ్యలో ఉంది. అందుకే కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్ళొచ్చే ఓడలు మెక్సికోలోని ఎన్సెనాడాలో ఆగి మొహం చూపించి వస్తాయి. 2000ల మొదట్లో హొనొలులు నుంచి తిరిగిన ఒక ఓడ అయితే ఈ చట్టం కోసమే వెయ్యి మైళ్ళ పైచిలుకు దూరం వెళ్ళి, కిరిబాటి దేశంలోని ఫానింగ్ దీవిని తాకి వచ్చేది.

ఈ తిప్పలు లేకుండా వారం మొత్తం హవాయి దీవుల్లోనే తిరగాలంటే ఓడ మీద అమెరికా జెండా ఉండాలి. అలా ఉన్న పెద్ద క్రూయిజ్ ఓడ ఒక్కటే, ప్రైడ్ ఆఫ్ అమెరికా. దాని పుట్టుకే ఒక పెద్ద కథ. మిసిసిపీలో కట్టడం మొదలుపెడితే, కట్టిస్తున్న కంపెనీ 2001లో దివాలా తీసింది. సగం కట్టిన ఓడని జర్మనీకి లాక్కెళ్ళారు. 2004 జనవరిలో తుఫానుకి అక్కడ రేవులోనే సగం మునిగింది. చివరికి 2005లో పని మొదలుపెట్టింది. 2006 నాటికి ఇలాంటి అమెరికా జెండా ఓడలు హవాయిలో మూడయ్యాయి. 2008 కల్లా రెండు వెళ్ళిపోయి మళ్ళీ ఇదొక్కటే మిగిలింది. అమెరికా జీతాలతో ఈ వ్యాపారం చెయ్యటం ఎంత కష్టమో ఆ లెక్కే చెబుతుంది.

జెండా మారితే ఏం మారుతుంది? అన్నీ మారతాయి. అమెరికా ఓడలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆ దేశపు పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళో అయ్యుండాలి. అమెరికా కనీస వేతన చట్టం వాళ్ళకి వర్తిస్తుంది. కరేబియన్ లో తిరిగే ఓడల జెండాలు చాలావరకు బహామాస్, పనామా, మాల్టా, బెర్ముడాలవి. ఓడ ఎక్కేది ఫ్లోరిడాలోనే అయినా, అందులో పనివాళ్ళకి అమెరికా కనీస వేతనం వర్తించదు. వాళ్ళని ఆదుకునేది 2006లో రాసి 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నావికుల ఒప్పందం. దాని ప్రకారం ఎన్ని గంటలు పని చేయించుకోవచ్చో తెలుసా? 24 గంటల్లో 14, వారానికి 72. ఇది రక్షణ అండీ! ఇంతకు మించకూడదని పెట్టిన గీత! వారాంతం సెలవు లేకుండా, ఆరు నుంచి తొమ్మిది నెలలు ఇంటి మొహం చూడకుండా పనిచేసే మనిషి నవ్వుతూ మీ పేరు గుర్తుపెట్టుకున్నాడు. ఆ నవ్వుని గీటురాయిగా పెట్టుకుని మీరు ఇంకో ఓడలో ఒహాయో పిల్లకి మార్కులు వేస్తున్నారు.

ఇక మనలో చాలామంది ఈ ఓడే ఎందుకెక్కుతారో చెప్పమంటారా? పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. దేశం దాటితే మళ్ళీ స్టాంపింగు, అపాయింట్‌మెంటు, 221జీ బెంగ. 2025 సెప్టెంబర్లో హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చినప్పుడు ఆ వారాంతం ఎంతమంది విమానాశ్రయాల నుంచి వెనక్కి పరుగెత్తారో మర్చిపోలేదుగా. ఈ ఓడ అమెరికా నీళ్ళు దాటి ఏ పరాయి రేవుకీ పోదు కాబట్టి ఆ బెంగ లేదు. అంటే ఏ జెండా వల్ల మనకి గుండెదడ లేని సెలవు దొరికిందో, అదే జెండా వల్ల అక్కడి వెయిటర్ కి ఒక చట్టం అండగా ఉంది. మొదటిది కావాలి, రెండోది వద్దు అంటే ఎలా?

మన హెచ్-1బీ సంగతే చూడండి. ఇక్కడి వాళ్ళకిచ్చే జీతానికి తక్కువ కాకుండా మనకీ ఇవ్వాలని చట్టం ఉంది. ఏ కన్సల్టెన్సీ వాడైనా అది ఎగ్గొడితే ఎంత తిట్టుకుంటాం? మనకైతే హక్కు, మనకి కాఫీ పోసేవాడికైతే పొగరా?

ఒక ఓడలో (కరేబియన్ దే, కంపెనీ పేరు అనవసరం) మా గది శుభ్రం చేసే కుర్రాడిది విశాఖపట్నం. మేం తెలుగులో మాట్లాడుకోవటం విని మొదటి రోజు ఊరుకున్నాడు. రెండో రోజు "మీదే ఊరు సార్?" అన్నాడు. సార్ వద్దులే అంటే "అన్నా" అన్నాడు. ఎనిమిది నెలల కాంట్రాక్టు, ఓడ ఎక్కిన రెండో నెలలో కూతురు పుట్టింది, వీడియోలో చూడటమే. చివరి రాత్రి మాతో వచ్చినాయన ఒకాయన ఫ్రంట్ డెస్క్ కి వెళ్ళి సర్వీసు ఛార్జి మొత్తం తీయించేసి వచ్చాడు. నలుగురికి ఏడు రోజులకి నాలుగొందల పైచిలుకు డాలర్లు మిగిల్చానని గర్వంగా చెప్పాడు. ఆ డబ్బు పంచుకునేవాళ్ళలో మన విశాఖ కుర్రాడూ ఉన్నాడని చెప్తే, "అదంతా కంపెనీ చూసుకోవాలి, మనకెందుకు" అన్నాడు. ఆయన పేరున్న కంపెనీలో డెలివరీ మేనేజరు! బోనస్ లో ఒక శాతం కోస్తే హెచ్చార్ కి మూడు పేజీల మెయిల్ రాసే మనిషి.

"కంపెనీ చూసుకోవాలి" అన్న మాటలో నిజం ఉంది, కాదనను. జీతం టికెట్ ధరలోనే కలిపి, టిప్పు మీద బతికే అవసరం లేకుండా చెయ్యాల్సింది కంపెనీయే. మామూలు గదులకి మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా విడిగా వేసి, టికెట్ ధర తక్కువగా చూపించటం వ్యాపార కిటుకు. తిట్టండి, నేనూ తిడతాను. కానీ ఆ కిటుకు మీద కోపంతో గది ఊడ్చేవాడి వాటా కోసేస్తే కంపెనీకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

"డబ్బులిచ్చాం కదండీ, ఆశించటం తప్పా?" అంటారు. తప్పు కాదు. దేనికిచ్చారో తెలుసుకుని ఆశించండి. చిన్న లెక్క వేద్దాం, మనకి లెక్కలిష్టం కదా. హవాయి ఓడ హొనొలులులో ఒకే రోజు రెండు వేల పైచిలుకు మందిని దింపి, అంతమందినే మళ్ళీ ఎక్కించుకుంటుంది. పాతవాళ్ళు తొమ్మిదింటికి ఖాళీ చేసి కొత్తవాళ్ళు ఒంటిగంటకి గదిలోకి వస్తారనుకోండి, ఒకరికి పదిహేను గదులనుకోండి. గదికి పదహారు నిమిషాలు. పక్కలు, బాత్రూము, తువ్వాళ్ళు, చెత్త, అన్నీ ఆ పదహారులోనే. మనం రిలీజ్ రోజున డిప్లాయ్‌మెంటుకి నాలుగు గంటల విండో అడిగి ఆరు గంటలు చేస్తాం, గుర్తుందా?

కాబట్టి ఈ ఓడ ఎక్కేవాళ్ళకి నా సలహా. గది శుభ్రంగా ఉండాలి, తిండి వేడిగా, శుచిగా ఉండాలి, బిల్లులో దొంగ లెక్క ఉండకూడదు, ఏదైనా పాడైతే బాగుచెయ్యాలి. వీటిలో ఏది తగ్గినా ఊరుకోకండి, సూపర్వైజర్ని పిలిచి అడగండి. అది మీ హక్కు. మీరు శాకాహారులైతే ముందే రాసి చెప్పండి, మొదటి రోజే డైనింగ్ రూములో మళ్ళీ గుర్తు చెయ్యండి. బయల్దేరాక ఉల్లిపాయ లేని సాంబారు అడిగి అలగకండి. హవాయిలో తినేదాంట్లో 85 నుంచి 90 శాతం బయటి నుంచి సముద్రం దాటి రావాల్సిందే.

కేసినో లేదని గొడవ పెట్టుకోకండి, హవాయి చట్టం జూదాన్ని ఒప్పుకోదు. హిలోలో వాన పడిందని రిఫండ్ అడక్కండి, ఆ ఊళ్ళో ఏడాదికి 120 అంగుళాల పైనే పడుతుంది. కోనాలో ఓడ రేవుకి ఆనదు, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరాలి, అలలు ఎక్కువైతే అదీ కుదరకపోవచ్చు. వీటిలో ఏదీ వెయిటర్ చేతిలో లేదు. ప్రతి రోజూ ఏదో దీవిలో దిగే ప్రయాణం ఇది, ఓడలో కూర్చుని సేవలు చేయించుకునే ప్రయాణం కాదు. మీకు రెండోదే కావాలంటే వేరే ఓడలు చాలా ఉన్నాయి. అక్కడా మనిషి ఖరీదు ఎవరో ఒకరు కడుతున్నారని మాత్రం మర్చిపోకండి.

ఇంకోటి. దిగేముందు సర్వే పంపిస్తారు. చిరునవ్వు తగ్గిందని పేరు రాసి తక్కువ రేటింగు ఇవ్వకండి. అలాంటి రేటింగు మీదే వచ్చే కాంట్రాక్టు ఆధారపడి ఉండొచ్చు. మన మేనేజరు "యాటిట్యూడ్" అని ఒక్క ముక్క రాసి ఏడాది కష్టాన్ని బెల్ కర్వ్ కింద తొక్కేస్తే ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు.

చివరి రాత్రి ఫ్రంట్ డెస్క్ దగ్గర ఒక లైను ఉంటుంది. అది సర్వీసు ఛార్జి తీయించుకునే లైనైతే అందులో నిలబడకండి. అందులో మనవాడెవరైనా కనిపిస్తే పక్కకి పిలిచి, మర్యాదగా, తెలుగులోనే చెప్పండి.