చూచినదే మరల చూచుట

మా ఊరి పద్యనాటకాలలో మంచి రాగం తీసిన నటుని ‘వన్స్ మోర్’ అని నిలబెట్టి, అదే పద్యం మరల పాడించుకొనేవారు. ముషాయిరాలో మంచి షేర్ చెవిన పడగానే సభ ‘ముకర్రర్’ అని కోరుతుంది; కవి సంతోషంగా తిరిగి చదువుతాడు. ఆ శ్రోతలు కాలం వృథా చేస్తున్నారని ఎవరూ అనరు. కాని ఒక టెలివిజన్ ధారావాహికను నేను నాలుగవసారి చూస్తున్నానని తెలిసి ఒక పెద్దమనిషి నావైపు జాలిగా చూచారు. “కథ తెలిసినదే గదా మాస్టారూ, ఇంకేమున్నది అందులో?” అన్నారు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనుటకే.

ఆ ధారావాహిక పేరు స్టార్ ట్రెక్. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన దీనిని అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 1966 సెప్టెంబరు 8న ఆరంభించి, 79 భాగాలు ప్రసారం చేసి, 1969 జూన్‌లో ముగించినది. ఇరువదిమూడవ శతాబ్దంలో నక్షత్రాల నడుమ తిరుగాడే ఎంటర్‌ప్రైజ్ అనే నౌక, దాని కప్తాను కిర్క్, వైద్యుడు మెకాయ్, కోసుగా నిలిచిన చెవులతో స్పాక్ — ఈ పేర్లు కొందరు పాఠకులకైనా పరిచితాలే. స్పాక్ తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి మన భూలోకపు స్త్రీ. ధారావాహిక రెండవ సంవత్సరంలోనే ఆగిపోతుందన్న మాట వినవచ్చినపుడు ట్రింబుల్ దంపతుల పూనికతో అభిమానులు సంస్థకు ఉత్తరాలు కుమ్మరించి మూడవ సంవత్సరం సాధించుకొన్నారు. అభిమానమన్నది చేతులు ముడుచుకొని చూచుట మాత్రమే కాదని అప్పుడే ఋజువైనది.

మన దేశంలో 1980ల నడుమ దూరదర్శన్ దీనిని ప్రసారం చేసినది. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. ఆదివారం ఉదయం ఆ ఇంటి ఖాలా చాప పరచి మా పిల్లలందరినీ కూర్చోబెట్టేది. ఇంగ్లీషు సగమైనా అర్థమయ్యేది కాదు. బొమ్మ నలుపు తెలుపే. చాలా ఏళ్ళకు మరల చూచినపుడు నాకు కలిగిన మొదటి ఆశ్చర్యం కథ వలన కాదు, చొక్కాల వలన. కిర్క్ చొక్కా పసుపట, స్పాక్‌ది నీలమట! బాల్యమంతా నేను వారందరికీ ఒకే బూడిదరంగు తొడిగి ఉంచాను.

అసలు చెప్పదలచినది ఒక్క భాగాన్ని గురించి. ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ అనే ఆ కథ 1966 డిసెంబరు 15న ప్రసారమైనది. భూలోకవాసులకూ రోములన్లకూ వందేళ్ళ క్రిందట యుద్ధం జరిగినది. అయితే శత్రువు ముఖం ఎవరూ చూడలేదు. ఇప్పుడు సరిహద్దు కాపలా స్థావరాలు ఒక్కొక్కటే నాశనమవుతున్నాయి. వెంబడించిన ఎంటర్‌ప్రైజ్ తెరమీద తొలిసారిగా రోములన్ నాయకుని ముఖం కనబడుతుంది. కోసు చెవులు, వంపు కనుబొమలు: అచ్చం స్పాక్ జాతి వారి పోలికే. ఆ యుద్ధంలో పూర్వులను పోగొట్టుకొన్న స్టైల్స్ అనే యువ అధికారి, నౌకలో గూఢచారులు ఉండవచ్చునని అంతకు మునుపే శంకించినవాడు, ఇక స్పాక్ వైపు తిరిగి చూచిన చూపు మాటలకంటె కఠినం. (ఆ రోములన్ నాయకుని పాత్ర ధరించిన మార్క్ లెనార్డ్, 1967లో మరొక భాగంలో స్పాక్ తండ్రిగా కనిపిస్తాడు. అది ఎరిగి చూచేవారికి పోలిక మరింత తమాషాగా తోస్తుంది.)

చివర విషవాయువు నిండిన గదినుండి స్టైల్స్‌ను బయటకు లాగి రక్షించేది స్పాకే. చిన్ననాడు నేను ఇక్కడ చప్పట్లు కొట్టాను. అనుమానించినవాడికి తగిన బుద్ధి వచ్చినదని సంబరం. స్టైల్స్ కృతజ్ఞత తెలుపబోగా, శిక్షణ పొందిన నావికుడు విధికి పనికివస్తాడని రక్షించానే గాని మరే భావమూ లేదని స్పాక్ పొడిగా తేల్చివేస్తాడు. ఎంత రాతిగుండె అనుకొన్నాను.

నడుమ ఒక సంగతి జరిగినది. నేను హాస్టలులో ఉండగా ఒక సహవాసి చేతి గడియారం పోయినది. మూడు రోజులు గదిలోని చూపులన్నీ కొత్తగా వచ్చిన ఒక కుర్రవానిమీదనే నిలిచాయి. అతని ఊరు వేరు, మాట తీరు వేరు. వేరే ఆధారమేమీ లేదు. ఎవరూ నోరు తెరచి దొంగ అనలేదు. నేనూ అనలేదు, కాదనీ అనలేదు. నాలుగవనాడు గడియారం దాని యజమాని ట్రంకులోనే బట్టల అడుగున దొరికినది. అందరూ ఆ కుర్రవానితో ఎన్నడూ లేని ప్రేమగా మాట్లాడసాగారు. అతడు ముభావంగా తల ఊపి పుస్తకం తెరచుకొన్నాడు.

ఆ తరువాత మరల చూచినపుడు స్పాక్ పొడిమాట నాకు మరొక విధంగా వినిపించినది. అతడు కాదన్నది కృతజ్ఞతను కాదు, యోగ్యతాపత్రాన్ని. ప్రాణం కాపాడినందువలన నీవు మావాడవని తేలినది అంటే, ఆ గదిలోనికి పోయే అవకాశమే రాకుంటే తేలనట్లేనా? చెవుల ఆకారం నేరమైతే గదా సేవ దానికి పరిహారం కావలసినది! కిర్క్‌ను చూడండి. స్టైల్స్‌ను అతడు మందలించినది స్పాక్ ఎవరినీ రక్షించక మునుపే; ఋజువు కొరకు ఎదురుచూడలేదు. కథలో నిజమైన న్యాయం అక్కడ జరిగినది. ముగింపులోని రక్షణ ఘట్టం ప్రేక్షకుని ఓదార్చుటకు రచయిత అతికించినదని నా అభిప్రాయం. ఉర్దూ విభాగంలోని నా మిత్రుడు ఒప్పుకోడు. స్టైల్స్ వంటివారు మారుటకు అటువంటి ఘట్టం అవసరమే అంటాడు. మా వాదం ఇంకా తెగలేదు.

మరల చూచేవానికి దోషాలూ కనబడతాయి. చివరి భాగంలో స్త్రీలు నౌకాధిపత్యానికి అర్హులు కారన్న ధోరణి నేడు వినలేము. ఉహూరా పాత్రకు స్వాహిలీలో స్వాతంత్ర్యమని అర్థమిచ్చే మాటనుండి పేరు పెట్టారు గాని, పని చాలా భాగం వార్తలు అందించుటే. విసిగి మానుకోబోయిన నిషెల్ నికల్స్‌ను మార్టిన్ లూథర్ కింగ్ వారించి నిలిపారని ఆమెయే చెప్పుకొన్నది. 1967 నాటి ‘స్పేస్ సీడ్’లో 1990లలో పాలించిన నియంత ఖాన్ నూనియన్ సింగ్ ఉత్తర భారతపు సిక్కు కావచ్చునని ఒక పాత్ర ఊహిస్తుంది. ఖాన్, సింగ్ ఒకే పేరులో ఇమిడిపోయారు. వేషం మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్‌ది. నటన అద్భుతం. పేరును గురించి ఒక్క భారతీయుని అడిగినా బాగుండేది. ఇవన్నీ చూచి కూడా ప్రేమిస్తున్నాను గనుకనే నన్ను అభిమాని అనుకొంటున్నాను.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. శనివారం మధ్యాహ్నం సెమినార్ హాలు ఖాళీగానే ఉంటున్నది, ప్రొజెక్టరు బీరువాలోనే ఉన్నది. విద్యార్థులు కోరినపుడు ‘వినోదానికి అనుమతి లేదు’ అని త్రిప్పి పంపవద్దు. మొదట ఈ భాగమే చూపుదాము. దాని నిడివి సుమారు యాభై నిమిషాలు. చర్చకు మరొక గంట కేటాయించవలసి ఉంటుంది. నా మిత్రుడు వచ్చినచో గంటన్నర.