పైచీటీని నమ్మవద్దు

మన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. కాని బంగారమును పరీక్షించే బుద్ధి మాత్రము మన ఇళ్లను విడిచిపోలేదు. గీటురాయి మీద గీచి చూడనిదే మన పెద్దలు ఏ నగనూ నమ్మేవారు కారు. ఆ బుద్ధి కంప్యూటరు దగ్గర కూడ అక్కరకు వచ్చిన సంగతి ఈ నెల మనవి చేస్తాము.

మాకు తెలిసిన ఒక ఇంటి అమ్మాయి మారికుప్పం నుండి రోజూ రైలులో బెంగుళూరు వెళ్లి చదువుకొంటున్నది. ఇంటిలోని పాత కంప్యూటరు నెమ్మదించగా, గనిలో పనిచేసిన తాతగారు దాచుకొన్న డబ్బుతో ఒక ర్యామ్ కొనిచ్చారు. చీటీ మీద 8 జి.బి. అని వున్నది. తగిలించి చూస్తే కంప్యూటరు నాలుగే చూపినది.

"తాతా, మన కంప్యూటరు పాతదంట, అందుకే సగమే చూపుతుందంటాడు అంగడాయన."

"చీటీ సంగతి అట్లుండనీమ్మా. లోపలి సరుకేమిటో చూద్దాం" అని తాత భూతద్దము తీశారు.

ర్యామ్ పలక మీది నల్లని చిప్పులే అసలు సరుకు. పలక అమ్మే కంపెనీ ఒకటి, చిప్పులు చేసే కంపెనీ మరొకటి కావచ్చును. లోకములో వాడే చిప్పులలో అధిక భాగము కొరియాలోని సామ్‌సంగ్, ఎస్‌.కె. హైనిక్స్, అమెరికాలోని మైక్రాన్ చేసినవే. సామ్‌సంగ్ చిప్పు మీద కె4బి అని వుంటే డి.డి.ఆర్.3 రకము, కె4ఎ అని వుంటే డి.డి.ఆర్.4. హైనిక్స్‌లో హెచ్5టి మూడవ రకము, హెచ్5ఎ నాలుగవ రకము. మైక్రాన్ చిప్పుల మీద తరచు అయిదక్షరాల గుర్తు వుంటుంది. దాని అర్థము ఆ కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది.

రకము తెలిపే గుర్తు తరువాత 4జి, 8జి అని కనబడేది ఒక్క చిప్పు పట్టు. అయితే అది గిగాబిట్లలో లెక్క. ఎనిమిది బిట్లయితేనే ఒక బైటు. సర్వర్ల ర్యామ్‌లో తప్పులు పట్టేందుకు అదనపు చిప్పు వుంటుంది, దానిని లెక్కలో చేర్చరాదు.

అమ్మాయి తెచ్చిన పలకకు ఒకవైపే ఎనిమిది చిప్పులు. ఒక్కొక్కదాని మీద కె4బి4జి అని వున్నది. ఎనిమిది నాలుగులు ముప్పది రెండు గిగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే నాలుగు గిగాబైట్లే! కంప్యూటరు నిజమే చెప్పినది, చీటీయే అబద్ధము. లెక్క కాగితము చూపగానే అంగడాయన మారుమాట లేక డబ్బు తిరిగి ఇచ్చాడు.

చిప్పు మీది అక్షరాలను గీకి, వేరే అచ్చు వేసే మోసగాళ్లు కూడ లేకపోలేదు. కాబట్టి సి.పి.యు.-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాముతో, పలకలోని చిన్న చిప్పులో దాచిన వివరాలను కూడ చూడండి. ఆ వివరాలు, చిప్పు గుర్తులు, కంప్యూటరు చూపే లెక్క మూడూ కలిస్తే సరుకు మంచిదని నమ్మవచ్చును.

ర్యామ్ తీసేముందు కరెంటు పూర్తిగా ఆపి, ఇనుప పెట్టెను ఒకమారు తాకి, పలకను అంచులతో పట్టుకోండి. అక్షరాలు సన్నవి గనుక ఏటవాలు వెలుతురులో ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసుకొంటే చాలు.

పలక అంచున మెరిసే బంగారు పూతను చూసి మురిసిపోకండి. వెల అంతా ఆ నల్లని చిప్పులలోనే వున్నది.