స్వేచ్ఛకు బంగారు నాణెం... ప్రొమీథియస్ అవార్డు అడిగే ప్రశ్న ఇదీ!

అవార్డులనగానే పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం బట్టీ పట్టేసి పేజీ తిప్పేస్తుంటాం. కానీ కొన్ని అవార్డుల వెనక ఒక సిద్ధాంతం ఉంటుంది. దాన్ని పట్టుకుంటే ఎస్సేలోనూ, ఇంటర్వ్యూలోనూ అక్కరకొస్తుంది. అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే ప్రొమీథియస్ అవార్డు అలాంటిదే.

లిబరల్ వేరు, లిబర్టేరియన్ వేరు

ఈ రెండు మాటలనూ చాలామంది కలిపేస్తారు. నేటి అమెరికా రాజకీయాల్లో లిబరల్ అంటే పౌరహక్కులతో పాటు సంక్షేమం కూడా ప్రభుత్వ బాధ్యతే అనేవారు. లిబర్టేరియన్ల వాదన వేరు. ఎదుటివారికి హాని చేయనంత వరకు నా మాట, నా నమ్మకం, నా ఆస్తి, నా సంపాదన జోలికి ప్రభుత్వం రాకూడదంటారు. పన్నులు, నిబంధనలు, నిఘా ఎంత తక్కువైతే అంత మంచిదని వీళ్ల లెక్క.

బంగారమే ఎందుకు?

1979లో రచయిత ఎల్. నీల్ స్మిత్ ఈ అవార్డును ప్రారంభించారు. తొలి విజేత ఎఫ్. పాల్ విల్సన్ నవల 'వీల్స్ వితిన్ వీల్స్'. ఆ తర్వాత రెండేళ్లు ఆగిపోయిన అవార్డును 1982లో ఏర్పాటైన లిబర్టేరియన్ ఫ్యూచరిస్ట్ సొసైటీ మళ్లీ నిలబెట్టింది. సొసైటీ సభ్యుల ఓట్లతో విజేతను ఎంపిక చేస్తారు. ఉత్తమ నవలకు బంగారు నాణెం ఇస్తారు.

ఆ నాణేనికో చరిత్ర ఉంది. 1933లో అమెరికా ప్రభుత్వం, కొద్దిపాటి మినహాయింపులతో, పౌరులు బంగారు నాణేలు, కడ్డీలు దాచుకోవడాన్ని నిషేధించింది. 1971లో విదేశీ ప్రభుత్వాలకు డాలర్లకు బదులు బంగారం ఇవ్వడం కూడా ఆపేసింది. పౌరులపై నిషేధం 1974 చివర్లో గానీ పోలేదు. బంగారాన్ని ఏ సర్కారూ అచ్చు వేయలేదు. అందుకే వీళ్లకు అది స్వేచ్ఛకు గుర్తు.

జాబితాలో అసలు విశేషం

పాత రచనలకిచ్చే 'హాల్ ఆఫ్ ఫేమ్' 1983లో మొదలైంది. తొలి ఏడాది అయాన్ ర్యాండ్ 'అట్లాస్ ష్రగ్డ్', రాబర్ట్ హైన్‌లైన్ 'ద మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్' ఎంపికయ్యాయి. రెండోది చంద్రుడి మీది ఖైదీల వలస భూమిపై తిరగబడే కథ. ఇవి ఊహించినవే.

1984లో మాత్రం జార్జ్ ఆర్వెల్ 'నైన్‌టీన్ ఎయిటీ ఫోర్' కూడా చేరింది. బిహార్‌లోని మోతీహారిలో పుట్టిన ఆర్వెల్ తాను సోషలిస్టునని బాహాటంగా చెప్పుకున్నవాడు. 1993లో ఉర్సులా లె గ్విన్ 'ద డిస్‌పొజెస్డ్' వచ్చి చేరింది. అందులో సొంత ఆస్తే లేని సమాజం ఉంటుంది. ప్రభుత్వం లేకపోయినా నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మనిషిని ఎలా కట్టిపడేస్తుందో ఆ నవల చూపిస్తుంది.

అంటే రచయిత ఏ పార్టీ అన్నది ఈ ఎంపికలకు అడ్డు రాలేదు. ఒక మనిషి తరఫున ఇంకొకరు నిర్ణయిస్తుంటే, ఆ అధికారం ఎక్కడిది? దాన్ని అదుపు చేసేదెవరు? ఈ పుస్తకాలన్నిటినీ కలిపేది ఈ ప్రశ్నే.

మన ఫోన్‌లోనే ఉంది

2009లో అవార్డు గెలిచిన కోరీ డాక్టొరో 'లిటిల్ బ్రదర్' ఇదే ప్రశ్నను కుర్రాళ్ల చేతికిచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉగ్రదాడి తర్వాత ప్రభుత్వ నిఘాకు ఎదురు తిరిగే విద్యార్థుల కథ ఇది. ఉద్యోగం కోసం ఆధార్ నంబరు, ఫొటో, ఫోన్ నంబరు కనిపించిన ప్రతి యాప్‌లో ఇచ్చేస్తున్న మనకు ఇది దూరపు సంగతేం కాదు. పైగా మన డేటా సర్కారు దగ్గరే కాదు, కంపెనీల దగ్గరా పోగవుతోంది.

వాదనలో లోటు

ప్రభుత్వం తప్పుకుంటే చాలు, స్వేచ్ఛ వచ్చేస్తుందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే కాలేజీ గడప తొక్కలేని విద్యార్థికి ఆ మాట చెప్పి చూడండి! చదువుకునే దారే లేనివారికి కాగితం మీది స్వేచ్ఛ కడుపు నింపదు. అందుకే మన రాజ్యాంగం మూడో భాగంలో ప్రాథమిక హక్కులు, నాలుగో భాగంలో సంక్షేమానికి దారి చూపే ఆదేశిక సూత్రాలు రెండూ పెట్టింది.

ఇంటర్వ్యూలో అడిగితే...

'దేశ భద్రతా, వ్యక్తి స్వేచ్ఛా?' అని అడిగితే ఏదో ఒక పక్షం వహించి ఇరుక్కోవద్దు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అందులో జోక్యానికి కొలమానాలూ వచ్చాయి. చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే అధికారాన్ని కేంద్రానికి కల్పించింది. ఆ మినహాయింపులు ఈ కొలమానాలకు నిలుస్తాయా అన్న కోణంలో జవాబు మొదలుపెట్టండి. ఆర్వెల్‌నో, డాక్టొరోనో ఒక్క వాక్యంలో ప్రస్తావిస్తే చాలు... బట్టీ పట్టిన జవాబుకూ, ఆలోచించిన జవాబుకూ తేడా బోర్డుకు తెలిసిపోతుంది.