దోమను వదిలే ముందు మనుషులను అడగాలి

దోమలు పోవాలని మందు కొట్టిస్తాం, పొగ పెట్టిస్తాం. ఎవరైనా వచ్చి, "డెంగీ తగ్గాలంటే మీ వీధిలో దోమలను వదలాలి" అంటే ఒప్పుకుంటామా? ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరవాసులు ఒప్పుకున్నారు.

ఆ దోమల్లో వోల్బాకియా అనే బాక్టీరియా ఉంటుంది. సీతాకోకచిలుకలు, తూనీగలు సహా కీటక జాతుల్లో దాదాపు సగం వాటిలో ఇది సహజంగానే ఉంది. డెంగీని ప్రధానంగా మోసే ఏడిస్ ఈజిప్టై దోమలో మాత్రం సహజంగా లేదు. పండ్ల ఈగ నుంచి తీసి దోమలోకి ఎక్కిస్తే, దాని శరీరంలో డెంగీ వైరస్ పెరగడం కష్టమవుతుంది. తల్లి దోమ నుంచి పిల్లలకు ఈ బాక్టీరియా తరతరాలూ సంక్రమిస్తుంది. మనుషులకు సోకదు.

యోగ్యకర్తను 24 భాగాలు చేసి, 12 భాగాల్లో ఈ దోమలను ప్రవేశపెట్టారు. మిగతా 12 భాగాలను ఎప్పటిలాగే ఉంచి పోల్చి చూశారు. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, దోమలు వదిలిన చోట డెంగీ కేసులు 77 శాతం, డెంగీతో ఆసుపత్రిలో చేరడం 86 శాతం తక్కువగా ఉన్నాయి.

ఈ అంకెల వెనుక మరో పని ఉంది. దోమలకంటే ముందు మనుషులు ఆ వీధులకు వెళ్లారు. స్థానిక పెద్దల సమ్మతి తీసుకున్నారు. దోమ గుడ్లున్న బకెట్లను ప్రజల ఇళ్ల దగ్గరే ఉంచారు.

ఆ నమ్మకం లేకపోతే ఏమవుతుందో మన దేశానికి తెలుసు. 1970లలో ఢిల్లీ కేంద్రంగా సాగిన దోమల పరిశోధనపై, ఇది జీవాయుధాల కోసమేనన్న అనుమానాలు చెలరేగాయి. 1975లో ఆ పని ఆగిపోయింది.

ఇప్పుడు ఆ ప్రశ్న మళ్లీ మన ముందుకు వస్తోంది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం వోల్బాకియా ఉన్న ఏడిస్ దోమలను అభివృద్ధి చేసినట్లు 2022లో ప్రకటించింది. రేపు మన బస్తీల్లో వదలాలనుకుంటే, అధికారులు ముందుగా తలుపు తట్టి అడగాలి. ప్రజల భాషలో, దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. మనం కూడా వాట్సాప్ వదంతికి భయపడి తలుపు వేసుకోకూడదు.

అంతవరకు కూలర్‌లో, పూలకుండీ కింద, పాత టైర్లలో నిలిచిన నీళ్లను వారానికోసారి పారబోద్దాం. మన తొట్టిలో పుట్టిన దోమ పొరుగింటి బిడ్డనూ కుడుతుంది. పొరుగువారిని ప్రేమించడమంటే కొన్నిసార్లు మన ఇంటి తొట్టి కడుక్కోవడమే.