కడుపుతో ఉంటే... ఆ నొప్పి భరించాల్సిందేనా?

మంచం మీద ఇటు నుంచి అటు ఒత్తిగిల్లాలంటే కలుక్కుమంటుంది. ఒంటికాలి మీద నిలబడి చుడీదార్ ప్యాంటు తొడుక్కోబోతే తొడల మధ్య ఎముక విడిపోతున్నంత బాధ. ఇంట్లో చెబితే 'కడుపుతో ఉన్నాక నొప్పులు మామూలేగా' అంటారు. గర్భిణుల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి కనిపించే ఈ కటి నొప్పి నోరు మెదపకుండా భరించాల్సింది కాదు. ఎంత త్వరగా డాక్టర్‌తో చెబితే అంత త్వరగా అదుపులోకి వస్తుంది.

కటి ఎముకలు ముందు పొత్తికడుపు దిగువన ఒకచోట, వెనక నడుము కింద రెండుచోట్ల కలుస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు ఈ కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు కొంత వదులవుతాయి. పొట్ట పెరిగేకొద్దీ నిలబడే తీరు, నడక కూడా మారతాయి. కీళ్ల మీద భారం సమంగా పడక నొప్పి మొదలవుతుంది. తల్లిని ఎంత వేధించినా బిడ్డకు మాత్రం దీనివల్ల హాని ఉండదు.

ఉపశమనం చాలావరకు రోజువారీ పనుల్లోనే ఉంది. బట్టలు కూర్చుని వేసుకోవాలి. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోవాలి. ఒత్తిగిల్లేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపే తిప్పాలి. కారెక్కేటప్పుడు ముందు సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి పెట్టాలి. మెట్లయితే ఒక్కొక్కటిగా, నొప్పి తక్కువున్న కాలు ముందు వేసి ఎక్కాలి. పెద్దపిల్లను చంకనేసుకోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మానితే మంచిది. గొంతుక్కూర్చుని ఇల్లు తుడిస్తే కాన్పు తేలికవుతుందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది. ఈ నొప్పి ఉన్నవాళ్లకు ఆ సలహా పనికిరాదు. అలాగని మంచానికే అతుక్కుపోనక్కర్లేదు. నొప్పి పెరగనంత మేరకు తిరగొచ్చు.

ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు కటి చుట్టూ ఉన్న కండరాలకు బలాన్నిస్తాయి. నడుముకు కట్టే బెల్టు కొందరికి బాగా ఉపయోగపడుతుంది. మందులషాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మాత్రం మింగకూడదు. ముఖ్యంగా 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాలపై ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చు. అవసరమైతే పారాసిటమాల్ చాలు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే.

నొప్పితోపాటు రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, మూత్రంలో మంట ఉన్నా, నొప్పి ఆగి ఆగి వస్తున్నా, బిడ్డ కదలికలు తగ్గినా అది వేరే సమస్య కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ నొప్పి ఉన్నంతమాత్రాన సిజేరియన్ తప్పదనుకోవద్దు. చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. అయితే మోకాళ్లు ఎంత ఎడం చేస్తే నొప్పి మొదలవుతుందో ముందే కొలిచి డాక్టర్‌కూ, నర్సుకూ చెప్పి ఉంచాలి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి కనే వీలుందేమో కూడా అప్పుడే అడగొచ్చు.