మన పాటలో మనం ఎక్కడ నిలబడాలి?



పోయిన ఏడాది వార్షికోత్సవం నాడు మన హాస్టల్ ఆవరణలో తెర కట్టి నాలుగు నిమిషాల పాట వీడియో ఒకటి చూపించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని తీసింది మేమే. బాగుందని కొందరు మెచ్చుకున్నారు. చదువుకోమని పంపిస్తే సినిమాలు తీస్తున్నారని కొందరు కోప్పడ్డారు. హాస్టల్ కష్టాలు చూపించకుండా ఈ వేళాకోళం ఏమిటని ఇంకొందరు అడిగారు. ఈ సంవత్సరం తమ్ముళ్ళు మరో పాట తీయాలనుకుంటున్నారు. పూర్వ విద్యార్థి సోదరులొకరు ఖర్చు తాను పెట్టుకుంటానని పెద్ద మనసుతో ముందుకొచ్చారు. అయితే ఒక మాట కూడా అన్నారు: "చూసినవాళ్ళకు కన్నీళ్ళు రావాలి. అప్పుడే నలుగురూ కదిలి మన రీడింగ్ రూముకు కంప్యూటర్లు ఇస్తారు." ఆయన మీద మాకు గౌరవం ఉంది. ఆ మాటతో మాత్రం మాకు పేచీ ఉంది. అది చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

సినిమా పాటకు కొన్ని అచ్చులున్నాయి. ఇటుకల అచ్చులో మట్టి పోసినట్టు ఏ కథైనా అందులో పోసేస్తారు. హీరో వచ్చే పాటైతే ముందు కాళ్ళు కనబడాలి, తర్వాత స్లో మోషన్‌లో ముఖం, వెనక నలభై మంది డాన్సర్లు. డ్యూయెట్ అయితే పల్లవి మన వీధిలో, చరణం మంచు కొండల్లో. ఈ మధ్య యూట్యూబులో వచ్చే జానపద పాటలైతే డ్రోన్ నుంచి తీసిన వరి చేలు, గట్టు మీద లంగావోణీ పిల్ల, కోనేటి మెట్లు. ఆ కోనేటి మెట్ల కోసం మన శంషాబాద్ మండలంలోని నర్కూడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడికి ఎంతమంది కెమెరాలతో వస్తారో మనకు తెలుసు. అక్కడ తీస్తే సినిమా ఆడుతుందని ఒక నమ్మకం కూడా ఉంది. ఇక విడిపోయే సన్నివేశమైతే విమానాశ్రయం ఉండాల్సిందే. అద్దాల తలుపులు, చక్రాల పెట్టె, చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చే హీరో.

హాస్టల్ పిల్లలకు కూడా కెమెరా రెండు అచ్చులు పోసి పెట్టింది. మొదటిది జాలి అచ్చు. చేతిలో ఖాళీ పళ్ళెం, వెనక వేణువు, రంగులు తగ్గించిన చిత్రం. ఒకసారి ఒక వీడియో బృందం మా దగ్గరకు వచ్చింది. భోజనాల వేళ వరుసలో నిలబడి మేము ఏదో జోకుకు నవ్వుకుంటున్నాం. కెమెరా పట్టుకున్నాయన "కొంచెం నవ్వకుండా ఉండండి" అన్నాడు. మేము నవ్వడం ఆపేశాం. ఆ రోజు కూర బాగానే ఉంది, మాకు ఏ బాధా లేదు. అయినా వీడియోలో మాత్రం మేము వారం రోజులు పస్తున్నట్టు కనబడ్డాం. ఆ రోజు మాలో ఒక్కరం కూడా "ఎందుకు నవ్వకూడదు సార్" అని అడగలేదు. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

రెండోది విజయం అచ్చు. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల బిడ్డలే. ఆ వార్త తెలిసిన రోజు మనమంతా గాలిలో తేలిపోయాం. పూర్ణ కథతో 2017లో రాహుల్ బోస్ హిందీలో సినిమా తీశారు. ఇదంతా గర్వపడాల్సిన విషయమే. మాలో చాలామంది ఇంట్లో మొదటి పట్టభద్రులం. కాబట్టి ఊళ్ళో మమ్మల్ని కూడా చిన్న ఎవరెస్టులలాగే చూపిస్తారు. కానీ ఆకలితో ఉన్నవాడికీ శిఖరం ఎక్కినవాడికీ మధ్య మిగిలిన వాళ్ళం ఎక్కడ? పొద్దున బకెట్ పట్టుకుని నల్లా దగ్గర వరుసలో నిలబడేవాళ్ళం, సప్లిమెంటరీ రాసేవాళ్ళం, రాత్రి లైటు ఆర్పాక కూడా క్రికెట్ గురించి కొట్లాడుకునేవాళ్ళం? మన వీడియో మనమే తీసుకునేటప్పుడు కూడా ఈ రెండు అచ్చుల్లోనే దూరితే, ఇక కెమెరా మన చేతికొచ్చి లాభమేమిటి?

అచ్చును పారేయమని మేము అనడం లేదు. అచ్చు అందరికీ తెలుసు కాబట్టే దానితో ఆడుకోవచ్చు. మైకేల్ జాక్సన్ 1983లో తెచ్చిన 'థ్రిల్లర్' పాట వీడియో పాతకాలపు దయ్యాల సినిమాలాగా మొదలవుతుంది. మనం భయపడేలోపు అదంతా థియేటర్లో ఒక జంట చూస్తున్న సినిమా అని తేలుతుంది. మన చిరంజీవి గారు 1985లో 'దొంగ' సినిమాలో ఆ శ్మశానపు డాన్సును తెలుగులోకి తెచ్చారు. ఆయన స్టెప్పులకు ఎవరూ వంక పెట్టలేరు. అయితే అక్కడ వచ్చింది దయ్యాలూ డాన్సూ మాత్రమే, మొదట్లో ప్రేక్షకుణ్ణి బోల్తా కొట్టించే ఆ మలుపు రాలేదు. అనుకరణకూ ఆటకూ తేడా అక్కడే ఉంది. 2012లో వచ్చిన కొరియా పాట 'గంగ్నమ్ స్టైల్' మొదట్లో గాయకుడు సముద్రపు ఒడ్డున సేద తీరుతున్నట్టు కనిపిస్తాడు. కెమెరా వెనక్కి జరిగితే అది చిన్నపిల్లలు ఆడుకునే ఇసుక. డబ్బున్నవాళ్ళ పేటను చూసి అతను నవ్విన నవ్వు ఆ ఒక్క షాటులో ఉంది. ఆ ఏడాది డిసెంబరులోనే అది యూట్యూబులో వంద కోట్ల వీక్షణలు దాటిన మొదటి వీడియో అయింది.

మన దగ్గరా ఉదాహరణలకు కొదవ లేదు. 'నాటు నాటు' పాటను 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఒక రాజభవనం ముందు తీశారు. విదేశీ మేడ ముందు డ్యూయెట్ పాడటం పాత అచ్చు. ఇక్కడ ఆ మేడ ముందే దొరల డాన్సుకు ఎదురుగా మన ఊరి దుమ్ము లేచింది. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. అదే నెలలో విడుదలైన 'బలగం' సినిమా చివర్లో కొట్లాట ఉండాల్సిన చోట బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట ఉంది. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశారు. ఆ పాట విని ఊళ్ళల్లో జనం గుంపులు గుంపులుగా ఏడ్చారు. ఫైటు లేదని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

ఇక మా వీడియో సంగతి. ఈసారి తీయబోయే తమ్ముళ్ళకు పనికొస్తుందని కొంచెం వివరంగా చెబుతాం.

2008 మార్చి 23న ఇక్కడ విమానాశ్రయం మొదలయినప్పటి నుంచి మన తలల మీదుగా విమానాలు పోతూనే ఉన్నాయి. మాలో ఒక్కరం కూడా లోపలికి పోయి విమానం ఎక్కింది లేదు. అందుకే విమానాశ్రయం అచ్చును హాస్టల్ గేటు దగ్గరకు తెచ్చాం. సెలవులు అయిపోయాయి. కొడుకును దింపడానికి నాన్న వచ్చాడు. చక్రాల పెట్టెకు బదులు ట్రంకు పెట్టె. నాన్న బస్సు ఎక్కబోతున్నాడు. కొడుకు స్లో మోషన్‌లో పరుగెత్తుతున్నాడు, వయొలిన్లు మోగుతున్నాయి. కౌగిలించుకుంటాడని అందరూ అనుకునేలోపు వాడు నాన్న జేబులో చెయ్యి పెట్టి పెట్టె తాళంచెవి తీసుకున్నాడు. నాన్న ఇవ్వడం మరిచిపోయాడు! అక్కడ మా పల్లవి మొదలవుతుంది: "పెట్టెకు ఒక తాళం, పాటకు ఒక తాళం."

స్లో మోషన్ కోసం పెద్ద కెమెరా అక్కర్లేదు. పాటను రెండింతల వేగంతో మోగించి, దానికే పెదవులు కదిపి, ఫోనులో సెకనుకు 60 ఫ్రేములతో తీశాం. తర్వాత 30 ఫ్రేములుగా నడిపితే కదలిక సగానికి తగ్గింది, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలిశాయి. విమానాశ్రయం దగ్గర అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం నేరం. కాబట్టి వరి చేలను పైనుంచి చూపే షాటును హాస్టల్ మేడ మీద నుంచి తీశాం. చేల బదులు తీగల మీద ఆరేసిన లుంగీలు కనబడ్డాయి. కోనేటి మెట్లకు బదులు బట్టలుతికే బండ. విమానం మోత వస్తే ఏం చేయాలో మొదట తోచలేదు. అది రాగానే మాట ఆపి, పోయాక మళ్ళీ అందుకోవడం మన రోజువారీ అలవాటే కదా! దాన్నే పాటలో పెట్టాం. చరణం మధ్యలో అందరూ నోళ్ళు తెరిచి బొమ్మల్లా ఆగిపోతారు. విమానం దాటాక డప్పు అందుకుంటుంది.

ఇంత తెలివిగా ఆలోచించిన మేమే మొదటి రోజు పెద్ద తప్పు చేశాం. డప్పు కొట్టే తమ్ముణ్ణి సినిమాల్లో లాగే వెనక వరుసలో నిలబెట్టాం. వంటక్క నవ్వులు పండించడానికి పప్పు గిన్నె ఒలకబోయాలని రాసుకున్నాం. ఆమె వినీ వినగానే "నేను ఇన్నేండ్లల్ల ఒక్కనాడు పప్పు ఒలకబోయలే బిడ్డా. నన్నెందుకు గట్ల చూపెడ్తరు?" అన్నది. మాకు నోట మాట రాలేదు. మమ్మల్ని నవ్వొద్దన్న ఆ కెమెరా ఆయనకూ మాకూ తేడా ఏముంది? ఆయన మా చేతికి ఖాళీ పళ్ళెం ఇచ్చాడు, మేము ఆమె చేతికి ఒలికిన గిన్నె ఇచ్చాం. ఆ రాత్రి కూర్చుని మొత్తం మార్చి రాశాం. హీరో ఎంట్రీ వంటక్కకు ఇచ్చాం. ముందు కాళ్ళు, తర్వాత భుజాన గరిటె, స్లో మోషన్‌లో ముఖం, వెనక పళ్ళాలతో డాన్సర్లుగా మేము. డప్పు తమ్ముడు ముందు వరుసలోకి వచ్చాడు. తెర మీద ఆ షాటు రాగానే పడిన ఈలలు మీరూ విన్నారు. వంటక్క మాత్రం సిగ్గుపడి వంటింట్లోకి పోయి, కిటికీలో నుంచి రెండోసారి చూసింది.

ఈ అనుభవంతో మాకు తెలిసింది ఒక్కటే. నవ్వాలంటే అచ్చును చూసి నవ్వాలి, అందులో ఇరుక్కున్న మనిషిని చూసి కాదు.

ఇప్పుడు విమర్శలకు జవాబు. చదువు పాడయిందన్న మాట నిజం కాదు, మేము వాడుకున్నవి మూడు ఆదివారాలు. ఇక పోరాట పాట పెట్టాల్సిన చోట వేళాకోళమా అన్న పెద్దలకు ఒక మనవి. గద్దర్ అన్న, జననాట్యమండలి కళాకారులు పల్లెల్లో అప్పటికే ఉన్న బాణీలను, కళారూపాలను తీసుకునే కొత్త మాట చెప్పారు. జరుక్ శాస్త్రి గారిని 'పేరడీ శాస్త్రి' అని లోకం పిలుచుకుంది. తెలిసిన రూపంలో కొత్త మాట పెట్టడం మనకు కొత్త కాదు, అది చిన్నపనీ కాదు.

చివరగా ఆ పూర్వ విద్యార్థి సోదరుడి మాట. ఏడిపిస్తే సాయం రావచ్చు, కాదనం. కంప్యూటర్లు మాకు నిజంగానే అవసరం. కానీ మన అవసరం ఒకరి జాలి మీద ఆధారపడితే, వాళ్ళకు జాలి తగ్గిన రోజు మన సంగతేమిటి? తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 రూపాయలు ఉన్నది 2,100 అయింది. విద్యార్థి సంఘాలు ఏళ్ళ తరబడి వినతిపత్రాలు ఇచ్చి, ధర్నాలు చేసి అడిగిన విషయం అది. కంప్యూటర్ల కోసం కూడా సంతకాలు చేసి అధికారులకు దరఖాస్తు పెడదాం. సోదరుడు ఇవ్వదలచుకుంటే వీడియోతో సంబంధం లేకుండా ఇవ్వాలని కోరుతున్నాం. అన్న తమ్ముడికి ఇచ్చినట్టు ఇస్తే మేమూ ఆనందంగా తీసుకుంటాం.

ఇంకొక్క మాట. మా వీడియోలో నాన్న వేషం వేసింది నిజంగా ఒక జూనియర్ తమ్ముడి నాన్నే. కూలి పనికి పోయే మనిషి, కెమెరా ముందుకు రావడం అదే మొదటిసారి. తాళంచెవి ఇచ్చి వెంటనే బస్సెక్కాలని చెప్పాం. ఆయన తాళంచెవి ఇచ్చాడు గానీ కొడుకు చెయ్యి వదల్లేదు. మళ్ళీ తీద్దామని మాలో ఒకరు అన్నారు. వద్దనుకుని అలాగే ఉంచాం. వార్షికోత్సవం నాడు ముందు వరుసలో కూర్చున్న పూర్వ విద్యార్థులు కళ్ళు తుడుచుకున్నది అక్కడే. మేము ఏడిపించాలని తీసిన చోటు కాదది.

తమ్ముళ్ళారా, ఈసారి కెమెరా మీది. ఏ అచ్చునైనా తీసుకోండి, తలకిందులు చేయండి. ఎవరిని చూపించినా ముందు వాళ్ళను అడగండి: "నిన్ను ఎట్లా చూపించమంటావు?" మా మాటతో ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయండి, సంతోషంగా చదువుతాం. పోయిన ఏడాది కట్టిన తెర స్టోర్ రూములో, పై అరలో ఉంది. ఒక మూల కొంచెం చిరిగింది, కుట్టించుకోవాలి.

జై భీమ్.