కట్ట పోయకముందే అడగాలి

కోటిపల్లి–నర్సాపురం రైలుమార్గం కోనసీమ చిరకాల వాంఛ. జీఎంసీ బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2000–01లో మంజూరైన ఈ 57 కిలోమీటర్ల లైను పాతికేళ్లయినా పూర్తి కాలేదు. రైలు ఎప్పుడొస్తుందని నిలదీయడం న్యాయమే. అది వచ్చాక వాన నీరు ఎటు పోతుందన్న ప్రశ్న మాత్రం ఆ ఆత్రంలో వెనకపడుతోంది.

కోనసీమ వాలు సముద్రం వైపు. మురుగు కాలువలూ అటే పారతాయి. ముక్తేశ్వరం, అమలాపురం, రాజోలు ప్రాంతాల మీదుగా పడమటికి సాగే రైలుమార్గం ఆ పారుదలకు అడ్డు తగులుతుంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై పెద్ద వంతెనలు తలపెట్టారు. అసలు ముప్పు వాటి నడుమ పోసే మట్టికట్టతోనే. చాలినన్ని తూములు పెట్టకపోతే కట్టకు ఎగువనున్న చేలు చెరువులవుతాయి.

సార్వా నాట్లు పడిన చేలో రోజుల తరబడి నీరు తీయకపోతే మొక్క మురిగిపోతుంది. రైతు మళ్లీ నారు వెతుక్కోవాలి, మళ్లీ కూలీలను పిలవాలి. ఇప్పటికే డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుంది, మొగలు ఇసుక మేటలతో పూడుకుపోతున్నాయి. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు గోడూ వినిపించారు.

కట్ట బలహీనమైతే రైలుకూ గండమే. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర వరద ఉద్ధృతికి చిన్న వంతెన కొట్టుకుపోయింది. సంగతి తెలియక వచ్చిన డెల్టా ప్యాసింజరు పట్టాలు తప్పి వంద మందికి పైగా బలయ్యారు. అక్కడ ప్రాణాలు తీసింది పెద్ద నది కాదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పారింది. గట్లకు గండ్లు పడితే ఆ నీరు ఊళ్ల మీదుగానే సముద్రం చేరాలి. తూముల వెడల్పు, సంఖ్య నిర్ణయించడానికి అదే కొలమానం కావాలి. రైల్వే, జలవనరుల శాఖల ఇంజనీర్లు ఎండాకాలంలో కాదు, ముసురు పట్టిన రోజుల్లో ఈ దారి వెంట నడవాలి. ఏ డ్రెయిను దగ్గర ఎంత ఖాళీ వదులుతున్నారో చూపే పటాన్ని గ్రామసభల్లో పెట్టాలి. ఖర్చు పెరుగుతుందంటే పెరగనివ్వండి.

పట్టాలు పడ్డాక తూము కోసం కట్ట కోయమంటే ఏ శాఖా వినదు.